పాత బొగ్గుబాయిల గ్రూపు ట్రిప్పు: గైడ్ ఎవరో అడిగాకే డబ్బులు కట్టండి

మూతబడ్డ బొగ్గుబాయిలు, ఖాళీ అయిన కార్మిక కాలనీలు చూపిస్తామని హన్మకొండ నుంచి కొందరు కుర్రాళ్లు గ్రూపు ట్రిప్పులు నడుపుతున్నారు. వాళ్ల దగ్గర రెండు రూట్లున్నాయి. ఒకటి రామగుండం మీదుగా బెల్లంపల్లికి, మధ్యలో మంచిర్యాలలో రాత్రి బసతో రెండు రోజులది. ఇంకొకటి ఇల్లెందుకు పొద్దున పోయి రాత్రికి వచ్చేది. రెండూ చూసొచ్చాం. మొదటిదానికి ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. రెండోదానికి ఒకటిన్నర, అదీ దారిలో బయ్యారం చెరువు ఉంది కాబట్టి. నడిపింది ఒకే బృందం, బండి అదే, డ్రైవరూ అతనే. తేడా అంతా గైడ్ దగ్గరే వచ్చింది.

బృందం పేరు రాయడం లేదు. ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న పిల్లలు, ఒకచోట గట్టిగానే తిట్టబోతున్నాను, ఎందుకు వాళ్ల కడుపు కొట్టడం. పైగా ఇలాంటి ట్రిప్పులు వాళ్లొక్కరే నడపడం లేదు. ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా అడగాల్సినవి ఇవే.

ముందు ప్రకటన సంగతి. రాత్రిపూట తీసిన వీడియో, వెనకాల గజ్జెల చప్పుడు, కుక్క ఏడుపు, ఎర్ర అక్షరాల్లో ‘ధైర్యముంటే రండి’. అది చూసి మా అపార్ట్‌మెంట్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎగిరి గంతేశారు. మా వదినె మాత్రం ఫోన్ నా చేతిలో పెట్టేసి, ‘నాకు ఇంట్ల ఉన్న దయ్యాలు చాలు’ అంది. చీకటి పడేసరికి మంచిర్యాల లాడ్జిలో ఉంటామని, చూసేదంతా పగటిపూటేనని చెబితే ఒప్పుకుంది. నేను పోయింది దయ్యాల కోసం కాదు. మా బాపు ఆజంజాహి మిల్లులో పని చేశాడు. 1934లో నిజాం పెట్టించిన బట్టల మిల్లు అది, వరంగల్‌లో సగం కుటుంబాలు దాని సైరన్‌తో లేచి దాని సైరన్‌తో పడుకున్నవే. మూతబడ్డ తర్వాత అక్కడ మిగిలింది ఏమిటో చూస్తూ పెరిగాను. బొగ్గు ఊళ్లలో ఏం మిగిలిందో చూద్దామనిపించింది.

రామగుండం రూటుకు తలకు 3,200. బండి, బస, మొదటి రోజు మధ్యాహ్నం భోజనం, రెండు పూటల టిఫిన్ అందులోనే. పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్, పద్నాలుగు మందిమి. ఈ లెక్క బాగుంది. అంతకన్నా పెద్ద బస్సయితే క్వార్టర్ల సందుల్లోకి పోదు, అందరూ మెయిన్ రోడ్డు మీద దిగి కిలోమీటర్లు నడవాల్సి వస్తుంది. ఏసీ పని చేసింది. డ్రైవర్ నిదానస్తుడు. హుజూరాబాద్‌లో చాయ్‌కి ఆపి, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా ఎండ ముదరకముందే రామగుండం చేర్చాడు.

రామగుండంలో లోపలికి పోయి చూసేది ఏమీ లేదు, అంతా రోడ్డు మీద నుంచే. అయినా బాగానే ప్లాన్ చేశారు. ‘బీ థర్మల్’ అని అక్కడివాళ్లు పిలిచే 62.5 మెగావాట్ల పాత కరెంటు స్టేషన్ 1971 నుంచి నడిచి 2024లో ఆగిపోయింది. దాని ముందర బండి ఆపారు. తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ. బొగ్గు నుంచి యూరియా తీయడానికి కట్టిన ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్) ఫ్యాక్టరీ 1980లో మొదలై 1999లో మూతబడింది. ఇరవై ఏళ్లకు పైగా పిచ్చిచెట్లు మొలిచిన ఆ జాగాలోనే ఇప్పుడు గ్యాస్‌తో నడిచే కొత్త ఫ్యాక్టరీ 2021 నుంచి యూరియా తీస్తోంది. చచ్చిపోయిందనుకున్నది లేచి కూర్చున్న చోటు ఒకటి ముందుగా చూపించి, ఆ తర్వాత బెల్లంపల్లికి తీసుకుపోవడం మంచి వరస. కావాలని చేశారో, రోడ్డు అటే ఉందని చేశారో అడగలేదు.

ఇక బెల్లంపల్లి. పొద్దున ఏడున్నరకు మంచిర్యాలలో లాడ్జి ముందు ఒక పెద్దాయన బండెక్కాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో వెదురు కర్ర, భుజాన నీళ్ల బాటిల్ సంచి. రిటైరైన ఓవర్‌మెన్, అంటే బాయి లోపల షిఫ్టు పని చూసుకునేవాడు. బదిలీ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు నింపే తాత్కాలిక కూలీగా, తట్టా చెమ్మస్ (గంప, పార) పట్టుకుని బాయిలో దిగి, పరీక్షలు రాసి కూలీల మీద సర్దార్ అయ్యి, ఓవర్‌మెన్‌గా దిగిపోయాడట. పిల్లలు ‘అంకుల్’ అనబోతే, ‘కాకా అనుండ్రి, గదే అలవాటు’ అన్నాడు. అక్కడి నుంచి ట్రిప్పు ఆయన చేతిలోకి పోయింది.

మూసేసిన ఒక ఇంక్లైన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంక్లైన్ అంటే నిలువు బాయి కాదు, ఏటవాలుగా భూమిలోకి దిగే దారి. ముఖద్వారం కమాను అలాగే ఉంది, దాని కింద అడ్డంగా మందపాటి ఇటుక గోడ, గోడలోంచి బయటికి వచ్చిన ఒక ఇనుప గొట్టం, చుట్టూ ముళ్లతీగ. గోడ వెనక ఉన్న గాలిని పరీక్షించడానికే ఆ గొట్టమట. పిల్లల్లో ఒకడు తీగ దాటబోయాడు. కాకా గొంతు పెంచలేదు, కర్ర అడ్డం పెట్టాడు. ‘లోపట ఏమున్నదో ఇరవై ఏండ్లు పనిచేసిన నాకే తెల్వదు, నీకేం తెలుస్తది బిడ్డా’ అని అక్కడే నిలబెట్టి ఓ అరగంట పాఠం చెప్పాడు. ఈ ట్రిప్పుకు పెట్టిన డబ్బులు ఆ అరగంటలోనే తీరిపోయాయి.

మూసిన బాయిలో గాలి ఆడదు. మిగిలిపోయిన బొగ్గు మెల్లగా ఆక్సిజన్‌ను తాగేస్తుంది, దాని జాగాలో చెడుగాలి నిండుతుంది. అది మామూలు గాలి కన్నా బరువు, పల్లం చూసుకుని నిలుస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. వెనకట బాయిలోకి పట్టుకుపోయే సేఫ్టీ ల్యాంపు మంట సన్నబడితే వెనక్కి తిరిగేవాళ్లు, ఆరిపోయిందంటే అక్కడ ఆక్సిజన్ పదహారు శాతానికి పడిపోయినట్టే. ఇది కాక మండే గ్యాస్ వేరే ఉంది, గాలిలో అయిదు నుంచి పదిహేను శాతం దాకా కలిసిందంటే ఒక నిప్పురవ్వ చాలు. మనం ఫోన్ టార్చి వేసుకుని పోయి రీలు తీసుకుందామనుకునే చోటు ఇది.

‘మూసిన బాయి సుత ఊపిరి తీస్తది’ అన్నాడు కాకా. నాకు అర్థం కాలేదు. బయట గాలి ఒత్తిడి తగ్గినప్పుడు లోపలి గాలి పగుళ్లలోంచి బయటికి తోసుకొస్తుందట, ఒత్తిడి పెరిగితే బయటి గాలిని లోపలికి లాక్కుంటుందట. అందుకే ఒత్తిడి తగ్గే ముసురు రోజు పాత బాయి దగ్గర, తీగకు ఇవతల కూడా, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు. మేం పోయింది ఎండ రోజే. అయినా కమానుకు దూరంగా నేల నెర్రె విచ్చిన ఒక చోట కర్రతో చూపించి, దూరం నుంచే చేయి చాపమన్నాడు. అన్నం గిన్నె మూత తీసినప్పుడు తగిలే ఆవిరిలా అరచేతికి వెచ్చగా, తడిగా తగిలింది. వదినె చేయి వెనక్కి లాక్కుని కొంగుకు తుడుచుకుంది. గజ్జెల చప్పుడు వీడియోకు భయపడని పిల్లలు అక్కడ మాత్రం రెండడుగులు వెనక్కి జరిగారు.

నెర్రెలు ఎందుకొస్తాయో కూడా అక్కడే తెలిసింది. బొగ్గు తీసేటప్పుడు పైకప్పు పడకుండా మధ్యమధ్య బొగ్గు పిల్లర్లు వదిలేస్తారు. చివర్లో ఆ పిల్లర్లు కూడా తీసుకుంటూ వెనక్కి వస్తారు, పైకప్పును కావాలనే కూలనిస్తారు. కూలిన ఆ జాగాను గోఫ్ అంటారు. కింద గోఫ్ అయితే పైన భూమి కుంగుతుంది. వానాకాలంలో గడ్డి పెరిగితే కుంగిన చోట్లు కనపడవు. అందుకే కార్తీకం నుంచి సంక్రాంతి దాటే దాకానే ఈ ట్రిప్పులు మంచివి. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు, రామగుండం ఎండలు ఎరిగినవాళ్లెవరూ ఆ పని చేయరు.

తర్వాత కర్రతో కమాను గోడ మీద కొట్టి చూపించాడు. ఒకచోట ఖంగుమంది, మూరెడు పక్కన కొడితే డొల్లగా మోగింది. బాయిలో పైకప్పు బాగుందో లేదో ఇట్లాగే కొట్టి వింటారట. డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టు, కింద ఎవ్వరూ ఉండొద్దు. కట్టె దిమ్మెల సపోర్టు ఉన్న కాలంలో బరువు పడితే కట్టె కిర్రుమని చప్పుడు చేసి చెప్పేదట, ఇనుము అట్లా ముందుగా చెప్పదట. మా పిల్లలు ఆ తర్వాత కనిపించిన ప్రతి గోడనూ కొట్టుకుంటూ తిరిగారు.

నీళ్ల సంగతి అడిగితే మాత్రం కాకా కాసేపు ఆగాడు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆయన అప్పటికి వేరే బాయిలో ఉన్నాడు. మూసిన బాయిల్లో నీళ్లే ఉంటాయని, ఆ నీళ్లు పక్క బాయికి శత్రువని మాత్రం చెప్పి, బండి దగ్గరికి నడిచాడు.

మధ్యాహ్నం క్వార్టర్ల వైపు. బెల్లంపల్లిలో బాయిలు పడింది 1920ల చివర్లో, కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం పూర్తవుతున్న రోజుల్లో. 1990ల మొదట్లో ఈ గనులు నడిపే సింగరేణి కంపెనీ మొత్తం మీద లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. బొగ్గులో చాలా భాగం ఓపెన్‌కాస్టుల (పై నుంచే మన్ను ఎత్తిపోసి తవ్వే గనుల) నుంచే వస్తోంది, దానికి అంతమంది మనుషులు అక్కర్లేదు. లెక్క చదివితే ఒకటి, చూస్తే ఒకటి. వరసగా ఇళ్లు, తలుపులు లేవు, కిటికీ చెక్కలు లేవు, రేకులు ఎవరో విప్పుకుపోయారు, వంటింట్లో వేపచెట్టు. ఒక గోడ మీద పసుపు బొట్లు, పెండ్లి పేర్లు ఇంకా చెరిగిపోలేదు.

ఇక్కడే వీళ్లను తిట్టాల్సి వచ్చింది. ఆ వరసలన్నీ ఖాళీ కాదు, మధ్యమధ్య మనుషులున్నారు. నిర్వాహకుల్లో ఒకడు ఎవరినీ అడక్కుండా వరస మొత్తం వీడియో తీయడం మొదలుపెట్టాడు. ఒక ముసలామె చీపురు పట్టుకుని బయటికొచ్చింది. ‘కొలతలకొచ్చిండ్రా? ఖాళీ చెయ్యుమంటే చెయ్యం, గిప్పుడే చెప్తున్న’ అంది. మమ్మల్ని కంపెనీ వాళ్లనుకుంది. కాకా పోయి తానెవరో, ఏ బాయిలో చేశాడో చెబితే అప్పుడు చల్లబడి, ఆయన్ను పట్టుకుని పింఛను ఎప్పుడు పెంచుతారని మొదలుపెట్టింది. మాకు మంచినీళ్లిచ్చింది. ఆమె ఇంటి వీడియోకే తర్వాత గజ్జెల చప్పుడు తగిలించి దయ్యాల ఊరని పెడతారు కదా అని నాకు కోపమొచ్చింది. బండిలోనే చెప్పాను, ‘తమ్మీ, ఆ ముక్క తీసేయ్’ అని. తీసేశాడు. కానీ ప్రకటన ఇప్పటికీ పాతదే నడుస్తోంది. మనుషులున్న వాడలో పోయేటప్పుడు ముందు పలకరించాలని, ఇంటి లోపలికి కెమెరా తిప్పకూడదని బండెక్కేటప్పుడే చెప్పే పద్ధతి పెట్టుకోవాలి వీళ్లు.

చిన్న చిన్న లోట్లు కూడా ఉన్నాయి. ఆడవాళ్లకు బాత్రూం ఎక్కడ అనే ఆలోచన ఎవరికీ రాలేదు. పెట్రోల్ బంకు కనిపించినచోటల్లా మేమే ఆపించుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నం భోజనం ప్యాకేజీలో లేదన్న సంగతి అన్నం వేళకే తెలిసింది. వదినె తెచ్చిన సర్వపిండితో బండిలో సగం మంది గట్టెక్కారు. దుమ్ముకు మాస్కులిస్తామన్నారు, ఇవ్వలేదు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉంది, తెరిచి చూశాను, మందులు కూడా కొత్తవే. పిల్లల చేతిలో డ్రోన్ ఉంటే నడుస్తున్న గనుల దగ్గర ఎగరేయనివ్వలేదు, అది మంచి పని. ఓపెన్‌కాస్టును కూడా గేటు బయట, దూరంగా ఎత్తు మీద నుంచే చూపించారు. బ్లాస్టింగ్ వేళకు అక్కడ ఉండకుండా చూసుకున్నారు.

ఇప్పుడు ఇల్లెందు. తలకు 1,300, ఒక్క రోజు. బుక్ చేసుకునేటప్పుడు ‘లోకల్ గైడ్ ఉంటాడు అక్కా’ అన్నారు. గైడ్‌గా వచ్చింది ఆ బృందంలోనే ఉన్న డిగ్రీ పిల్లవాడు. బండిలో నిలబడి ఫోన్ చూసి చదివాడు. 1871లో అక్కడ గని తవ్వారన్నాడు. 1871లో జరిగింది తవ్వకం కాదు, జియాలజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గుందని కనుక్కున్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది, తవ్వకం మొదలైంది 1889లో. సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ 1920 డిసెంబర్ 23న వచ్చింది, అందుకే డిసెంబర్ 23న సింగరేణి డే చేస్తారు. భద్రాచలం పోయే భక్తులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకున్నాయనే కథను ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు, ఇతను అదీ చెప్పలేదు. ఇల్లెందును బొగ్గుట్ట అని ఎందుకంటారని వదినె అడిగితే నెట్ రావడం లేదన్నాడు.

దేశంలోనే పాత బొగ్గు ఊళ్లలో ఒకటి కళ్ల ముందు పెట్టుకుని మేం చూసింది ఒక కంచె, ఒక బోర్డు, ఒక చాయ్ హోటల్. మూసిన బాయి ముందు నిలబడితే అది ఏ సీమో (బొగ్గు పొరో), ఎంత లోతో, ఎందుకు మూశారో చెప్పేవాళ్లు లేకపోతే అది ఒట్టి గోడే. ఇంజినీరింగ్ పిల్లలు అరగంటకే విసుగెత్తి, 2001లో మూతబడ్డ కోలార్ బంగారు గనులకు తీసుకుపోవచ్చు కదా అని నిర్వాహకులతో గొడవ పెట్టుకున్నారు. అక్కడ కూడా లోపలికి ఎవరూ పోనివ్వరు బాబూ అంటే వినరే.

ఆ రోజును కాపాడింది బయ్యారం. మహబూబాబాద్ దాటాక దారిలోనే ఉంటుంది. గణపతిదేవుని చెల్లెలు మైలమ తవ్వించిన చెరువు, శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల వంశావళిలో ముందు తరాలు తెలిసింది ఆ శాసనం వల్లే. కట్ట మీద గాలికి కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. నిర్వాహకులు దాన్ని పదిహేను నిమిషాల ‘ఫోటో స్టాప్’ అని రాసుకున్నారు, మేం గంటంపావు లేవలేదు.

సొంతంగా గ్రూపు కట్టుకుని పోదామనుకునేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. బండి, బస, భోజనం ఎవరైనా మాట్లాడుకోగలరు. ముందుగా వెతకాల్సింది ఆ ఊళ్లో బాయి దిగి పనిచేసిన ఒక మనిషిని. రిటైరైనవాళ్లు పొద్దున పూట చాయ్ హోటళ్ల దగ్గర, యూనియన్ ఆఫీసుల దగ్గర దొరుకుతారు. కంచె దాటే ఉద్దేశం ఉంటే మాత్రం పోవద్దు. గని జాగాలోకి అనుమతి లేకుండా పోవడం నేరం, అనుమతి కావాలంటే సింగరేణి ఏరియా జీఎం (జనరల్ మేనేజర్) ఆఫీసులో ముందుగా అడగాలి. చిన్న పిల్లల్ని తీసుకుపోకండి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆగండి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. గైడ్‌కు ఆ రోజు బాగాలేకపోతే ఎవరొస్తారని కూడా అడగండి. నేను ఇల్లెందుకు కట్టిన డబ్బుల్లో సగమైనా వాపస్ అడిగాను, తర్వాతి ట్రిప్పులో తగ్గిస్తామన్నారు.

తర్వాతిది భూపాలపల్లి వైపట. కాకా వస్తే పేరు రాసుకోమన్నాను. ఆయనకు రోజుకు ఎంతిస్తున్నారని ఆ పిల్లల్నే అడిగితే ఎనిమిది వందలన్నారు. డ్రైవర్ బత్తా కన్నా తక్కువ. తలకు వంద పెంచి ఆ వంద కాకాకు ఇవ్వమని మా అపార్ట్‌మెంట్ వాళ్లందరి తరఫున మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు కోసం చూస్తున్నాం.